నాయన తట్టి చూసిన రోలర్ కోస్టర్

మా నాయన ఆళ్లగడ్డలో విగ్రహాలు చెక్కుతాడు. రాయి కొనేముందు సుత్తితో తట్టి, తల వాల్చి వింటాడు. గంటలా ఖంగుమంటే మంచి రాయి. బద్దగా పలికితే లోపల పగులుందని అర్థం, ఊరికే ఇచ్చినా తీసుకోడు. ఆ తట్టే అలవాటు రాళ్లతో ఆగలేదు. కుండలు, పుచ్చకాయలు, కొత్త తలుపులు, అన్నీ ఆయన చేతి దెబ్బ తినాల్సిందే. నా పెళ్లిచూపులకొచ్చిన అబ్బాయిని తట్టకుండా వదిలేశాడంటే అది అమ్మ చలవే.

నాకు తొమ్మిదేళ్లప్పుడు నంద్యాల ఎగ్జిబిషన్‌లో జెయింట్ వీల్ ఎక్కాను. అది కదలబోయే ముందు నాయన వచ్చి దాని ఇనుప కాలును తట్టాడు. "బద్దగా పలుకుతాంది. దిగు మే," అని చెయ్యి పట్టి లాగేశాడు. వరుసలో ఉన్నవాళ్లంతా నవ్వారు. ఆళ్లగడ్డ దాకా బస్సులో ఏడుస్తూనే ఉన్నాను. నాకసలే ముక్కు మీద కోపం. దాన్ని ముప్పై ఏళ్లు భద్రంగా దాచుకున్నాను.

కిందటేడు నాయన ఒక విగ్రహాన్ని హైదరాబాదులో దించడానికి లారీలో వెళ్తుంటే, నేను నంద్యాలలో పాఠాలు చెప్పే బడికి సెలవు పెట్టి వెంట బయల్దేరాను. మంగళవారం పొద్దున్నే పని అయిపోయింది. ఊరి బయట థీమ్ పార్కు ఉందని, చూసిపోదామని తీసుకెళ్లాను. నా మనసులో ఉన్నది ఒకటే. ఈసారి నాయన నా పక్కన కూర్చుని తిరగాలి.

పార్కులో జనం లేరు. పాటలు కూడా పెట్టలేదు. రోలర్ కోస్టర్ నడిపే అమ్మాయి ఫోన్ చూసుకుంటోంది. నాయన నేరుగా పోయి, జేబులోంచి తాళంచెవి తీసి, ఇనుప స్తంభాన్ని తట్టి తల వాల్చాడు.

"బద్దగా పలుకుతాంది పాపా. వద్దు."

నాకు ఒళ్లు మండిపోయింది. "ఈడ గూడానా నాయనా?" అంటూ తాళంచెవి లాక్కుని నేనే గట్టిగా తట్టాను.

ఖంగుమంది. చాలాసేపు మోగింది. ఆ అమ్మాయి కూడా ఫోన్ మీంచి తలెత్తి చూసింది.

నాయన మాత్రం ఇంకా తల వాల్చుకునే ఉన్నాడు, మోత ఎప్పుడొస్తుందా అన్నట్టు.

నా కోపం ఎటు పోయిందో తెలియదు. "ఎన్నాళ్ల నుంచి నాయనా?" అని మెల్లగా అడిగాను.

"ఏడాదాయ," అన్నాడు నేల చూపులు చూస్తూ. "మాటలు ఇనపడతాండాయి. రాయే పలకడంలే. అందుకే కొత్త రాయి కొనడంలే. మీయమ్మకు చెప్పొద్దు." స్తంభం వైపు చూశాడు. "మరి ఇదెట్ల పలికింది?"

"గంట మాదిరి."

నా ముఖంలోకి చూశాడు. "అట్లయితే పా, ఎక్కుదాం."

ముందు సీట్లో కూర్చున్నాం. వెనకంతా ఖాళీ. పైకెక్కుతుంటే నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. ఉలి పట్టి కాయలు కాసిన ఆ చెయ్యంటే నాకెంత ఇష్టమో అప్పుడే తెలిసింది. కిందికి జారగానే నేను కేకలు పెట్టాను, నాయన "మే! మే!" అని నన్ను పిలుస్తూనే ఉన్నాడు. దిగాక, "ఇంగోసారి పోదామా?" అన్నాడు. మాకోసమే బండి మూడుసార్లు నడిచింది.

ఆ ఆదివారం ఆళ్లగడ్డ వెళ్లి, రాళ్లు అమ్మేచోటికి నాయనకు తోడుపోయాను. ఆయన ఎంచిన నల్లరాయి చూడ్డానికి చాలా బాగుంది. సుత్తితో తట్టాడు. ఈసారి తల వాల్చింది నేను.

"చెప్పు," అన్నాడు.

"బద్దగా పలికింది నాయనా."

సుత్తి తీసుకుని పక్క రాయి దగ్గరికి నడిచాడు.