ఎర్ర గీత మీది ఊర్లు

పాకాల స్టేషన్లో రైలు కోసం కూర్చుని, లాప్‌టాప్‌లో మా పక్క కొండల ఎత్తుపల్లాల పటం చూస్తా, భూకంపమొస్తే నేల కదిలే చీలిక వెంబడి ఎర్ర గీత గీస్తా ఉన్నాను.

పక్కనున్న పెద్దాయన అరచేతిలో టెంకాయ పెట్టుకుని, నేల్లో నీళ్లుండే పాయింటు చూపించే మనిషి. ఆ గీత ఏందో అడిగి తెలుసుకుని, దాని మీదుండే ఊర్ల పేర్లు నాతో చదివించుకున్నాడు.

"అన్నిట్లో బావులకు చోటు సూపించింది నేనే మ్మా."

"చీలికల్లోనే కదా నీళ్లుండేది," అన్నాను.

"నీళ్లుండాయని ఇండ్లు గూడా ఆడే కట్టుకోమన్నానే! ఎప్పుడు కదుల్తాది?"

"ఎవరికీ తెలీదు."

రైలొచ్చింది. ఇంకో ఊర్లో పాయింటు చూపించేదానికి ఆయనా అదే ఎక్కాల. లేవలేదు. ఒళ్లోని టెంకాయను రెండు చేతులా పట్టుకుని కూర్చుండిపోయినాడు.

ఇప్పుడు ఏ గీత గీసినా, దాని మీది ఊర్ల పేర్లు ఒకసారి పైకి చదువుతాను.