స్క్రూడ్రైవరుతో వినే బావ

డెబ్బైల చివర్లో మల్కాపురంలో ఉండే మా అక్క మొగుడు తన పాత మోటారుసైకిల్ గేర్‌బాక్సును వరండాలోనే విప్పి బాగుచేసుకునేవాడు. బిగించాక, ఇంజన్ నడుస్తుండగా స్క్రూడ్రైవరు కొన దానికి ఆనించి, పిడిని చెవికి నొక్కుకుని వినేవాడు. చివరికి "బయం నేదు" అనేవాడు.

ఒక రోజు వాళ్ళ పసివాడి తలనీలాలకు సింహాచలం వెళ్ళాలి. కొత్త గేరు దొరక్క, పళ్ళరిగిన పాతదే బిగించాడు. చాలాసేపు విన్నాడు. ఆ మాట మాత్రం అనలేదు.

"ఏటైంది బావా?" అన్నాను.

"ఏటీ నేదు. మీ అక్కనీ బాబునీ బస్సులో తీసుకొచ్చీ. నాను బండి మీదొత్తాను."

బస్సు కొండెక్కే ప్రతి మలుపులోనూ బండి పడి ఉందేమోనని భయంభయంగా చూశాను.

కొండమీద బావ మాకంటే ముందే చేరి, బండి పక్కన గొంతుక్కూర్చుని మళ్ళీ వింటున్నాడు. దిగుడులో గేరు జారితే ఆ బండి బ్రేకులకి ఆగదని మా ఇద్దరికీ తెలుసు. నన్ను చూసి స్క్రూడ్రైవరు దించాడు.

"దిగినప్పుడు కూడా మీరు బస్సే ఎక్కండి" అన్నాడు.