కోటిలింగంగారి హాఫ్ టికెట్

కోటిలింగంగారి లెక్కలో లోకంలో మనుషులు రెండే రకాలు. హాఫులు, ఫుల్లులు. కులం, ఆస్తి, చదువు, పార్టీ, ఇవన్నీ ఆయన తీరికున్నప్పుడు పట్టించుకుంటారు, లేకపోతే అదీ లేదు. ఎదురుగా పిల్లవాడు కనబడితే చాలు, ఆయన చూపు ముందు వాడి పళ్ళ మీదికి వెళ్తుంది, తర్వాత చెవుల మీదికి, ఆ తర్వాత వాళ్ళమ్మ మొహం మీదికి. అబద్ధం ఉండేది అక్కడేనని ఆయన నమ్మకం.

ఉద్యోగమంతా బందరు నుంచి గుడివాడ వెళ్ళే బండి మీద కండక్టరుగా చేసిన మనిషి మరి. ఐదేళ్ళు నిండని పిల్లలకి టికెట్ లేదు, పన్నెండు దాకా హాఫ్. ఆ దారి పొడుగునా ఉన్న పిల్లలందరూ బస్సెక్కగానే చిన్నవాళ్ళయిపోయేవారు. మీసం మొలుస్తున్నవాణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకుని, "ఇంకా ఐదు నిండలేదండీ, మనిషి కాస్త ఏపుగా ఎదిగాడు" అని చెప్పిన తల్లి కూడా ఉంది.

కోటిలింగంగారు వాదన పెట్టుకునేవారు కాదు. "బాబూ, కుడిచెయ్యి తల మీంచి తిప్పి ఎడమచెవి పట్టుకో" అనేవారు. పూర్వం బళ్ళో వేసుకునేటప్పుడు పెట్టే పరీక్ష అది. చెవి అందితే ఐదు దాటినట్టు, ముందు పళ్ళు ఊడితే ఆరు దాటినట్టు. అందుకని పెడన స్టాపులో తల్లులు బస్సు రాకముందే పిల్లలకి చెవి అందనట్టు రిహార్సల్సు వేయించేవారు. ఒకసారి అలా తయారై వచ్చిన బుడతణ్ణి ఆయన అడిగారు.

"ఏ క్లాసు బాబూ?"

"బడికెళ్ళట్లేదండి."

"అలాగా. పోనీ, ఎక్కాలేమన్నా వచ్చా?"

"పన్నెండో ఎక్కం దాకా వచ్చండి."

హాఫ్ కొట్టేశారు. ఆ తల్లి గుడివాడ దాకా ఆయన్ని తిడుతూనే ఉంది. ఆయన శ్రద్ధగా వింటూ మిగతా టికెట్లు కొట్టుకున్నారు. ఆ రూట్లో ఆయన అసలు పేరు ఎవరికీ తెలీదు. హాఫ్ లింగం అంటే మాత్రం పాలు తాగే పిల్లలు కూడా గుర్తుపట్టి, నోరు మూసి పళ్ళు దాచుకునేవారు.

కొడుకు నాగబాబుకి సంబంధం చూడ్డానికి వెళ్ళినప్పుడూ అంతే. పెళ్ళికూతురు సూర్యకుమారిని వంటా వార్పూ ఏమీ అడగలేదు. "నీకు ఎన్నేళ్ళదాకా హాఫ్ టికెట్ తీశారమ్మా?" అన్నారు. సూర్యకుమారి తలొంచుకుని, "పద్నాలుగు దాకా అండీ" అంది. పిల్ల నిజం చెప్పిందని అక్కడికక్కడే తాంబూలాలు పుచ్చుకున్నారు. వియ్యపురాలితో మాత్రం పెళ్ళయ్యేదాకా మాట్లాడలేదు.

రిటైరయ్యాక ఆయన ఇంటినే బస్సు చేసుకున్నారు. గుమ్మంలో నలుగురు నిలబడితే "లోపలికి జరగండి, లోపల ఖాళీ ఉంది" అంటారు. సూర్యకుమారి ముందుగదిలో మిషను పెట్టుకుని జాకెట్లు కుడుతుంది. మిషను పక్కనున్న కుర్చీ మీద ఎప్పుడూ కుట్టాల్సిన గుడ్డల గుట్ట ఉంటుంది. అటు వెళ్ళినప్పుడల్లా ఆయన ఆగి అడుగుతారు.

"ఈ లగేజీ ఎవరిది?"

"నాదేనండీ మావయ్యగారూ. స్టేజీ రాగానే దింపేస్తాను."

"సీటు మీద లగేజీ పెట్టకూడదమ్మా."

పెళ్ళయిన కొత్తల్లో ఆమెకి ఇది నవ్వుగా ఉండేది. తర్వాత విసుగ్గా ఉండేది. ఇప్పుడు గోడగడియారం చప్పుడులాగా వినిపించడం మానేసింది.

నాగబాబు చేపల వ్యాను నడుపుతాడు. ఇంటికొచ్చేది నిద్రపోవడానికే. కూతురు దివ్యశ్రీకి ఎనిమిదేళ్ళు, మూడో క్లాసు. బడి నుంచి వచ్చిన దగ్గర్నుంచి అమ్మ చుట్టూ తిరిగేది, కత్తెర పట్టుకునేది, గుండీలు దారానికి గుచ్చేది, ప్రశ్నలడిగేది. పెళ్ళిళ్ళ రోజుల్లో సూర్యకుమారికి తల ఎత్తే తీరిక లేక, పాత ఫోనొకటి దాని చేతిలో పెట్టింది. క్లాసులో పిల్లలందరూ ఆడుతున్నారంటూ దివ్యశ్రీ అందులో ఒక ఆట వేసుకుంది. నలుగురు జట్టుగా విమానంలోంచి ఓ దీవి మీదికి దూకి, కనిపించినవాళ్ళనల్లా కాల్చుకుంటూ పోవడమే ఆట. మొదట్లోనే ఆ ఆట పుట్టినరోజు అడిగింది. నిజం చెబితే లోపలికి రానివ్వనంది. సూర్యకుమారి తన పుట్టినరోజు కొట్టేసి, తుపాకుల మోత వినపడకుండా చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టి పంపేసింది. ఆ క్షణంలో దివ్యశ్రీకి ముప్ఫై ఒకటి వచ్చేశాయి.

ఇల్లు హాయిగా, నిశ్శబ్దంగా అయిపోయింది. కొన్నాళ్ళకి దివ్యశ్రీ పొద్దుగూకితే పెరట్లోకి ఒక్కర్తీ వెళ్ళడం మానేసింది. నిద్రలో "వెనక ఉన్నాడు, వెనక ఉన్నాడు" అనడం మొదలెట్టింది. ఒకరోజు గ్యాస్ సిలిండర్ తెచ్చిన అబ్బాయి కాలికి అడ్డమొస్తే అతన్ని ఒక మాట అంది. ఎలాంటి మాటంటే, అతను సిలిండర్ కిందపెట్టి, "పాప ఏ స్కూలండీ?" అని అడిగాడు.

సూర్యకుమారి రెండు దెబ్బలు వేసి, ఆ మాట ఎక్కడ నేర్చుకున్నావని అడిగింది. దివ్యశ్రీ ఏడ్చింది గానీ చెప్పలేదు. తల్లికి లోపల భయం వేసింది. అయినా చేతినిండా పని ఉంది, బడిలో నేర్చుకుని ఉంటుందిలే అని సర్దిచెప్పుకుంది.

ఆ మర్నాడు సాయంత్రం కోటిలింగంగారు మనవరాలి భుజం మీంచి ఫోన్లోకి తొంగిచూశారు. దాని పేరు పక్కన వయసు వేసి ఉంది.

"ఈ ముప్ఫై ఒకటెవరు?"

"నేనే తాతయ్యా."

"ఎవరు చెప్పారు?"

"అమ్మ."

ఆయన కోడలి వైపు తిరిగారు. సర్వీసులో ఆయన విన్న అబద్ధాలన్నీ వయసు తగ్గించి చెప్పినవే. పెంచి చెప్పడం ఇదే మొదటిసారి. కాసేపు ఆయనకి ఏ టికెట్ కొట్టాలో తోచలేదు.

"ఆటే కదండీ మావయ్యగారూ," అంది సూర్యకుమారి తలెత్తకుండా. "అందరూ ఆడుతున్నారు. అది కదలకుండా కూర్చుంటోంది, నాకు పని తెముల్తోంది."

"బండిలో ఇంకా ఎవరెవరున్నారు?"

ఆ సంగతి సూర్యకుమారి ఎప్పుడూ అడగలేదు.

"అయితే నేనూ ఎక్కుతాను," అన్నారు కోటిలింగంగారు.

తన ఫోన్లో ఆట వేయించుకుని, పుట్టినరోజు ఉన్నది ఉన్నట్టు కొట్టారు. అరవై ఏడేళ్ళవాడికి ఈ ఆటెందుకని ఆట అడగలేదు. ఆడేవాళ్ళందరూ డెవిలనీ టైటాననీ పేర్లు పెట్టుకుంటే, ఈయన 'వి. కోటిలింగం, కండక్టర్ (రిటైర్డ్), బందరు' అని పెట్టుకున్నారు. దివ్యశ్రీ జట్టులో ఒక సీటు ఖాళీగా ఉంది. అందులో కూర్చున్నారు. ఇయర్‌ఫోన్లు తన చెవికి పట్టవని పక్కన పెట్టేయడంతో, ఆటలో జట్టువాళ్ళు మాట్లాడుకునే మాటలన్నీ ముందుగదిలోకి వచ్చాయి.

విమానం బయల్దేరింది. "దూకండి, దూకండి," అని డెవిల్ అరిచాడు. దివ్యశ్రీ దూకింది. టైటాన్ దూకాడు. కోటిలింగంగారు దూకలేదు.

"ఎవరా మిగిలింది? దూకవయ్యా."

"రన్నింగులో దిగకూడదు నాయనా. బండి ఆగనీ."

"అది ఆగదు."

"ఆగని బండి ఎందుకెక్కించారు పిల్లల్ని?"

దీవి చివర విమానమే ఆయన్ని కిందికి తోసేసింది. కింద తుపాకులు కుప్పలుగా పడున్నాయి. ఆయన వాటిని దాటుకుంటూ వెళ్ళి ఒక సంచీ తీసుకుని భుజానికి తగిలించుకున్నారు. ఉద్యోగంలో అలవాటు. తర్వాత ఖాళీ జీపు ఒకటి కనిపిస్తే ఎక్కి కూర్చుని, అందరూ వచ్చేదాకా కదిలేది లేదన్నారు. అప్పుడు డెవిల్‌కి కోపమొచ్చి ఒక మాట అన్నాడు. సిలిండర్ అబ్బాయి విన్న మాటే.

సూర్యకుమారి మిషను ఆగిపోయింది.

"డెవిల్‌గారూ," అన్నారు కోటిలింగంగారు తాపీగా. "బండిలో హాఫులున్నారు. మాట చూసుకోవాలి."

"హాఫులేంటి? అందరూ పెద్దాళ్ళే."

"టైటాన్ బాబూ, ముందు పళ్ళు ఎన్ని ఊడాయి?"

ఇందాకటి అరుపుల్లో టైటాన్ గొంతు చిన్నదని ఆయన చెవి అప్పుడే పట్టేసింది.

"రెండు," అంది ఒక చిన్న గొంతు, గాలి పోతూ. "పైవి."

"ఏ క్లాసు?"

"రెండో క్లాసు. నా పేరు బిలాల్. మా అమ్మీకి చెప్పకండి."

"నేను చెప్పను. నువ్వే చెబుతావు. ఈ పక్కనున్నది మా మనవరాలు, మూడో క్లాసు."

ఈలోగా అవతలి జట్టువాళ్ళెవరో వచ్చి నలుగురినీ కాల్చేసి వెళ్ళిపోయారు. చచ్చిపోయిన సంగతి ఎవరూ గమనించలేదు.

"అంకుల్," అన్నాడు డెవిల్ చివరికి. గొంతు మారిపోయింది. "ఐడీలో ముప్ఫై ఒకటని ఉందండీ. ఆలస్యం చేస్తే రోజూ తిట్టేవాణ్ణండీ. పిల్లలని తెలీదండీ."

"ఐడీలో ఉన్నదల్లా నమ్మేస్తే ఎలా నాయనా? మీసాలవాణ్ణి నాలుగేళ్ళంటే నేను నమ్మానా?"

డెవిల్‌కి ఏదో గుర్తొచ్చి, "మీరు గుడివాడ బండి హాఫ్ లింగంగారా?" అన్నాడు.

ఆయన జవాబు చెప్పేలోపే సూర్యకుమారి లేచి వచ్చి కూతురి చేతిలోంచి ఫోను లాగేసుకుంది. "ఇవాళ్టితో సరి. ఇంక ముట్టుకున్నావంటే చూడు."

"అందుకే చెప్పలేదు," అంది దివ్యశ్రీ ఏడుస్తూ. "తిడుతున్నారని చెబితే ఫోను లాగేసుకుంటావని. అప్పుడు నాతో ఎవరూ ఉండరు."

అన్ని రోజులూ పిల్ల అమ్మకి చేతికందేంత దూరంలోనే కూర్చుని ఆ మాటలు వింది. సూర్యకుమారికి సిగ్గేసింది, దుఃఖమొచ్చింది, దాన్ని ఎత్తుకోవాలో ఏం చెప్పాలో తెలీక ఫోను పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"అమ్మాయ్," అన్నారు కోటిలింగంగారు. "హాఫ్‌ని దారి మధ్యలో దింపెయ్యకూడదు. ఇది ఎక్కాల్సిన బండి కాదు, నిజమే. దింపి సరైన బండి ఎక్కించాలి. అంతవరకూ మన బాధ్యత."

ఆదివారం నాడు డెవిల్ అడ్రసు కనుక్కుని స్వయంగా బందరు వచ్చాడు. సన్నగా, కళ్ళజోడుతో, చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియని కుర్రాడు. పేరు క్రాంతి కుమార్. గుడివాడలో సెల్‌ఫోన్లు రిపేరు చేస్తాడు. వట్టి చేతులతో రాలేక బందరు బస్టాండులో దిగి బందరు లడ్డూ కొనుక్కుని బందరులోని ఇంటికి పట్టుకొచ్చాడు. దివ్యశ్రీకి సారీ చెప్పాడు. దివ్యశ్రీ అతన్ని ఎగాదిగా చూసి, "నువ్వేనా డెవిల్?" అంది నిరాశగా.

అతను ఫోనుకి తాళాలేవో వేసి, పాత ఆట తీసేసి, ఎనిమిదేళ్ళవాళ్ళ ఆట ఒకటి పెట్టాడు. పని చేస్తూ చేస్తూ సూర్యకుమారితో మెల్లగా అన్నాడు.

"నాకు ఆరేళ్ళప్పుడు ఈయన హాఫ్ కొట్టారండీ. మా అమ్మ నాలుగేళ్ళని చెప్పింది. ఒళ్ళో చెల్లి ఉంది, నేను కింద మనుషుల మధ్య నలిగిపోతున్నాను. చెవి పట్టుకోమన్నారు, అందింది. హాఫ్ కొట్టి, సీట్లో ఉన్న ఒక లావుపాటాయన్ని లేపేశారు. 'లేవండి, ఈ బాబు దగ్గర టికెట్ ఉంది' అన్నారు. అంతకుముందు నాకోసం ఒక పెద్దమనిషి లేచి నిలబడ్డం నేనెప్పుడూ చూళ్ళేదండీ. మా అమ్మ మాత్రం ఇంటిదాకా తిడుతూనే ఉంది."

సూర్యకుమారి మావగారి వైపు తిరిగింది. ఆయన కిటికీలోంచి వీధిలోకి చూస్తున్నారు.

"హాఫ్ టికెట్టుకి సీటివ్వాలని రూలుందాండీ మావయ్యగారూ?"

"నా బండిలో ఉండేది," అన్నారు ఆయన ముభావంగా. "ఊరికే ఎక్కినవాడికి సీటిమ్మంటే ఎవరూ లేవరు. చేతిలో టికెట్ ఉంటే నేను అడగొచ్చు. పెద్దాళ్ళ మోకాళ్ళ మధ్య నిలబడ్డ పిల్లలకి బయట ఏ ఊరొచ్చిందో కూడా కనబడదమ్మా."

కొత్త ఆటలో ఆవుకి గడ్డి పెట్టాలి. దివ్యశ్రీ కాసేపు ఆడి, ఆవుని కాల్చే బటన్ ఎక్కడుందని అడిగింది. లేదని తెలిసి, ఇది బోరు అంది. అయినా వదల్లేదు. ఇయర్‌ఫోన్లు లేకుండా, అమ్మకి కనబడేలా కూర్చుని ఆడాలని తాతగారు షరతు పెట్టారు. దివ్యశ్రీ ఫోను పట్టుకుని మిషను దగ్గరికి వచ్చి, ఎక్కడ కూర్చోవాలో తెలీక నిలబడింది.

కోటిలింగంగారు కుర్చీ వైపు చూశారు.

"ఈ లగేజీ ఎవరిది?"

సూర్యకుమారి లేచింది. రెండు చేతులా గుడ్డల గుట్టని ఎత్తి మంచం మీద పడేసింది.

"స్టేజీ వచ్చిందండీ మావయ్యగారూ," అంది.

దివ్యశ్రీ కుర్చీ ఎక్కి కూర్చుని, "అమ్మా, ఆవు తింటోంది చూడు" అంది. సూర్యకుమారి చూసింది. ఆవు నిజంగానే తింటోంది. తిన్నంతసేపూ ఇద్దరూ చూశారు. ఇంత సంబరంలో తనకీ ఎక్కడైనా కాస్త చోటు దొరుకుతుందేమోనని క్రాంతి కుమార్ మంచం అంచు వైపు వెళ్ళాడు. కోటిలింగంగారు అతని భుజం తట్టారు.

"నువ్విప్పుడు ఫుల్లు నాయనా," అన్నారు. "నిలబడు. కాస్త లోపలికి జరుగు."