ఎడమ సీటు, యాభై ఒక్క కిలోలు

పార్సిల్ ఆఫీసులో ముప్పై ఒక్క ఏళ్ళు పనిచేశాను. ఆ ముప్పై ఒక్క ఏళ్ళలో నా కిటికీ ముందు నుంచి తూకం వేయని మూట ఒక్కటి కూడా రైలెక్కలేదు. అందుకని మా ఆయనా, మా తమ్ముడూ కలిసి పాత లారీని ఇల్లుగా మారుస్తామన్నప్పుడు నేను ఒకే ఒక్క షరతు పెట్టాను. ప్రతి వస్తువునీ తూచాలి, నా రిజిస్టరులో ఎక్కాకే అది లోపలికి వెళ్ళాలి.

మా ఆయన నాకు మేనబావ. పెళ్ళికి ముందు ఎలా పిలిచానో నలభై నాలుగేళ్ళ తర్వాతా అలాగే పిలుస్తాను. ఆయనా, తమ్ముడూ ఇక్కడి వర్క్‌షాపులో రైలు పెట్టెలు బాగుచేసే ఫిట్టర్లు. ముగ్గురమూ రిటైరయ్యాం. ట్రాఫిక్ అనే రైల్వే కాలనీలో క్వార్టరు ఖాళీ చేసి, ఊళ్ళోనే తాల్‌బగీచా పేటలో ఇల్లు కట్టుకున్నాం. తమ్ముడిది పక్క వీధి.

రైల్వే పాసుల మీద ఈ దేశంలో రైలు వెళ్ళే చోట్లన్నీ దాదాపు చూశాం. పట్టాలు ఆగిన చోట మేమూ ఆగి, టీ తాగి, తిరుగు బండి ఎక్కేవాళ్ళం. ఒకరోజు బావే అన్నాడు, "ఇంక రైలు పోని సోటుకి ఎల్దామే. నువ్వూ నేనూ." ఆ సాయంత్రమే అట్లాసులో వెతికి మంచుకొండల్లో స్పితి లోయ దగ్గర పెన్సిలుతో చుక్క పెట్టాను. చెట్టు లేదు, పట్టా లేదు, ఊరికీ ఊరికీ మధ్య రాళ్ళ దారి.

లారీ జనవరి పదకొండున వచ్చింది. నాలుగు చక్రాలూ ఇంజను బలంతో తిరిగే చిన్న రకం, ఎక్కడో సైన్యం వాడి వేలంలో వదిలేసింది. పెరట్లో రేకుల షెడ్డు వేశారు. రాళ్ళ దారిలో లారీ అడుగు చట్రం మెలిపడుతుంది, పైన గదిని దానికి గట్టిగా బిగిస్తే గోడలు చీలిపోతాయి. అందుకని గదిని మూడు చోట్ల మాత్రమే ఆనించి, స్ప్రింగుల మీద కూర్చోబెట్టారు. "సక్రాల బోగీ మీద రైలు పెట్టె కూకున్నట్టే అప్పా, కింద ఎంత ఊగినా పైన గిన్నె కదలదు," అన్నాడు తమ్ముడు. అల్యూమినియం గోడలు, మధ్యలో రెండంగుళాల ఫోము. మడిచి పెట్టే బెర్తులు రెండు, గొలుసులతో సహా. అలవాటు రైలుది గాని, రైల్వే మేకు ఒక్కటి కూడా అందులో లేదు. ప్రతి మేకూ కొన్నదే. రసీదులు నా దగ్గర ఉన్నాయి.

షెడ్డు దూలానికి కాటా వేలాడదీశాం. ఒక్కో వస్తువుకీ నంబరు, బరువు, పెట్టే చోటు. ఒక పక్క బరువు ఎక్కువైతే గుట్ట పక్క దారిలో బండి ఒరుగుతుంది. అందుకని కుడీ ఎడమా విడివిడిగా కూడేదాన్ని. పేజీ చివర లెక్క కలిస్తే "సరి" అని రాసేదాన్ని.

మనుషుల్ని కూడా తూచాను. ఒకటో నంబరు బావ, అరవై ఎనిమిది, కుడి సీటు. రెండో నంబరు నేను, యాభై ఒకటి, ఎడమ సీటు. నేను కాటా మీద వేలాడుతుంటే తమ్ముడు నవ్వాడు.

"అప్పా, బెల్లం దిమ్మ నీకన్నా బరువుంటాది."

"నువ్వు ఎక్కు, నీ సంగతి సూద్దాం."

వాడు డెబ్బై నాలుగు తూగాడు. "మజ్జాన్నం బిర్యానీ తీసెయ్ అప్పా, డెబ్బై రెండే," అన్నాడు. సరదాగా తూచాను, రిజిస్టరులో రాయలేదు. వాడు రావడం లేదు కదా.

మార్చి ఇరవై ఆరున బావ నాకోసం మూలన చిన్న టాయిలెట్ కట్టాడు. అడ్డుపలక, జరిగే తలుపు, కింద తీసి పారబోసుకునే డబ్బా. మొత్తం పదిహేను కిలోలు. "మగోళ్ళకైతే రాయి సాటు సాలు. నువ్వు ఆడమనిషివి, నీకుండాల," అన్నాడు. పంతొమ్మిదో నంబరు. బరువు రెండుసార్లు చూసుకుని రాశాను. ఇన్నేళ్ళలో ఆయన నాకోసం స్వయంగా చేసిన వస్తువు అదొక్కటే.

ఏప్రిల్ పద్నాలుగున బెర్తులు బిగించారు. నా ఎత్తు నాలుగడుగుల పదకొండంగుళాలు. నా బెర్తు ఐదడుగుల నాలుగంగుళాలు చాలని, మిగిలిన చోట పప్పుల గూడు పెట్టాలని నేనే గీసిచ్చాను. చూస్తే ఆరడుగులు ఉంది.

"ఇంత పొడుగెందుకు బావా?"

"కాళ్ళు సాపుకుని పడుకుంటావే. ఊరుకో."

నాలుగు కిలోలు ఎక్కువైంది. ఇరవై మూడో నంబరు. సంతోషంగానే రాసుకున్నాను.

ఆ తర్వాత ఏడాది పైన పని సాగింది. నూటఇరవై లీటర్ల నీళ్ళ ట్యాంకు, సోలారు పలకలు, బ్యాటరీ, చలికి డీజిలుతో మండే హీటరు, ఇసుకలో చక్రం కింద వేసే రేకులు, మట్టి తీసే పార. నూట ముప్పై ఎనిమిది నంబర్లయ్యాయి. నా సంచి పన్నెండు కిలోలకి కుదించాను. మడత కుర్చీ మూడు కిలోలు. మోకాళ్ళకి రోజూ గంట నడక మొదలుపెట్టాను.

జూన్ రెండున, హైవే పక్కన లారీలు తూచే పెద్ద కాటాకి తీసుకెళ్ళాం. లారీ తమ్ముడు నడిపాడు, నేను బావ స్కూటరు మీద వెనక వెళ్ళాను. ట్యాంకులు నిండుగా, మనుషులు లేకుండా, నా లెక్క ప్రకారం ఐదువేల రెండువందల నలభై. చీటీ మీద ఐదువేల రెండువందల పది అని వచ్చింది.

"ముప్పై తక్కువుంది," అన్నాను.

"కాటా తప్పు సూపిస్తంది," అన్నాడు బావ.

కాటా మనిషికి కోపం వచ్చింది. "మేరా కాంటా ఠీక్ హై, దీదీ," అని ఇంకోసారి ఎక్కించి చూపించాడు. మళ్ళీ అదే ఐదువేల రెండువందల పది. లోపలికి వెళ్ళి ఒక్కో నంబరూ చూస్తానన్నాను. వెనక తలుపు తాళం ఇంట్లో మర్చిపోయానన్నాడు తమ్ముడు.

ఇంటికొచ్చేసరికి షెడ్డు దగ్గర పెయింటరు కూర్చుని ఉన్నాడు. వర్క్‌షాపులో పెట్టెల చివర అంకెలు రాసిన మనిషి. పెట్టె బయటికి పంపేముందు ఖాళీ బరువు దాని చివర రాయడం అక్కడి పద్ధతి, మా లారీకీ మనుషులెక్కక ముందు బరువు రాద్దామని బావే పిలిచాడు.

"అక్కా, బావ నిన్న సీటీ ఇచ్చినాడు. ఇదేనా రాయాల్సింది?"

చీటీ నా చేతికిచ్చాడు. ఒకవైపు 5210 అని ఉంది. కాటాకి వెళ్ళకముందే రాసిచ్చిన అంకె. వెనక్కి తిప్పాను. బావ చేతిరాత. 51, సంచి 12, కుర్చీ 3, టాయిలెట్ 15. కింద గీత, 81. దాని పక్కన, వాడు 74, సంచి 7. కింద గీత, 81. దాని కింద "సరి."

నా మాట, నా లెక్క చేసే పద్ధతి.

తమ్ముడి వైపు చెయ్యి చాపాను. వాడు జేబులోంచి తాళం తీసి ఇచ్చాడు. లోపల టాయిలెట్ ఉన్న మూలన ఇప్పుడు మట్టి తీసే పార, ఇసుక రేకులు ఆనించి ఉన్నాయి. గోడకి నాలుగు మేకుల కన్నాలు, పుట్టీ పెట్టి మూశారు. పని శుభ్రంగా ఉంది.

బయటికొచ్చేసరికి పెయింటరు డబ్బా మూత పెట్టేశాడు. ఎవరి మొహమూ చూడకుండా సైకిలెక్కాడు.

"ఎప్పట్నుంచి?" అన్నాను.

"నీ మోకాళ్ళకి ఆ ఎత్తులు పడవే," అన్నాడు బావ. "డాక్టరు కూడా..."

"ఏ డాక్టరు? ఏ తేదీ?"

తమ్ముడు మధ్యలోకి వచ్చాడు. "అప్పా, బండి దిగబడిపోతే తొయ్యాలి కదా. నువ్వు తోస్తావా? అదీగాక ప్రతి గుంట కాడా లెక్కడుగుతావు. మేం ముసిలోళ్ళం, ఒక్కసారి లెక్క లేకుండా తిరుగుదామనుకున్నాం."

"ఎప్పట్నుంచి అని అడిగినాను."

"బెర్తులు సేసినప్పుడే అనుకున్నాం."

అంటే మార్చి ఇరవై ఆరు తర్వాత, ఏప్రిల్ పద్నాలుగు లోపల. ఆ పంతొమ్మిది రోజుల్లో ఎప్పుడో. ఆ తర్వాత నేను నడిచిన నడక, కుదించిన సంచి, నూట పదిహేను నంబర్లు, అన్నీ నేను ఎక్కని బండి కోసం. టాయిలెట్‌ని పద్నాలుగు నెలలు ఉంచింది నాకు తెలియకుండా ఉండడానికే. తమ్ముడి కాళ్ళ పొడవు నా చేత్తోనే ఇరవై మూడో నంబరు కింద రాసి, సంతోషించాను.

ముందే చెప్పి ఉంటే పోట్లాడేదాన్ని. ఓడిపోయి ఉంటే ఓడిపోయేదాన్ని. ఆ మాట కూడా అన్నాను.

"నువ్వు ఓడవు. అదే బయమేసింది," అన్నాడు బావ.

రిజిస్టరు తెచ్చి మొదటి పేజీ తీసి ఆయన ముందు పెట్టాను. పార్సిల్ ఆఫీసులో రాసిన పద్దు కొట్టేస్తే, కొట్టేసినవాళ్ళే సంతకం చేసి తేదీ వెయ్యాలి.

"ఇదంతా ఎందుకే ఇప్పుడు?"

"సరుకు దించేసినావు కదా బావా. సంతకం పెట్టు."

పెన్ను మూత తీసి, మళ్ళీ పెట్టాడు. పెట్టడనుకున్నాను. రెండో నంబరు మీద గీత గీసి, సంతకం పెట్టి, తేదీ వేశాడు.

తొమ్మిదో తారీకున వెళ్ళారు. గేటు తీసింది నేనే. రిజిస్టరు వాళ్ళు అడగలేదు, నేను ఇవ్వలేదు.

ఇరవై నాలుగున, పగలు మూడున్నరకి తమ్ముడి ఫోను. సిగ్నలు కోసం గుట్ట ఎక్కాడట, గాలి హోరు వినిపిస్తోంది.

"అప్పా, హీటరు ఆగిపోనాది. బావ వణికిపోతన్నాడు. ఫ్యూజులు ఎక్కడున్నాయో కనబడ్డం లేదు."

రిజిస్టరు తియ్యక్కర్లేకపోయింది. "నూట ఆరో నంబరు. కుడివైపు, వంట బల్ల కింద రెండో గూడు, టీ డబ్బా వెనక. ఆరున్నాయి. ముందు బ్యాటరీ స్విచ్ ఆపు, తర్వాత మార్చు."

కాసేపాగి మళ్ళీ చేశాడు. వెలిగిందట.

"నువ్వు లేకపోతే ఏటైపోదుమో అప్పా."

"లేను కదరా," అన్నాను.

గాలి హోరు కొంచెంసేపు వినిపించి ఆగిపోయింది. రిజిస్టరు తీసి నూట ఆరో నంబరు ఎదురుగా ఆరు అన్న అంకె కొట్టేసి ఐదు వేశాను, సంతకం పెట్టి తేదీ వేశాను.