ఊదుకడ్డి పొగ

మేస్త్రీ ఓబులేసు చొక్కా జేబులో ఎప్పుడూ నాలుగు ఊదుకడ్లు ఉంటాయి. కుర్చీలాంటి కమోడు ప్రొద్దుటూరికి ఇంకా కొత్త. పెట్టించుకునేవాళ్ళు అతనికే కబురు చేస్తారు. మొన్న, తుంటి విరిగిన భర్త కోసం అనసూయమ్మ పిలిపించింది. మద్రాసు నుంచి తెప్పించిన కమోడును అంతకుముందు ఎవరో బిగించిపోయారు, గది కంపు కొడుతోంది. ఓబులేసు దాన్ని ఎత్తి చూశాడు. పరిచిన నాపబండ మందం ఎక్కువై, కింది గొట్టం మూతి అంగుళం లోపలికి పోయింది. గొట్టానికి ముక్క అతికించి, మూతిని బండకు సమానం చేసి, కమోడు మళ్ళీ బిగించాడు. సిమెంటు ఆరాక తలుపు మూసి, ఊదుకడ్డి ముట్టించి, చెంప నేలకానేంత వంగి, అడుగున చుట్టూ తిప్పాడు. ఆ వాసనకు అనసూయమ్మ తలుపు తీసింది.

“దేవుని కాడ ముట్టిచ్చేది ఈడ ముట్టిచ్చినావేందప్పా?”

“సందుంటే కింది గాలికి పొగ ఊగుతాదమ్మా. మనిషొచ్చి తలుపు తీసినా ఊగుతాది. రోంత ముయ్యమ్మా.”

ఆమె మూసింది. పొగ నిట్టనిలువుగా లేచింది.

భార్య పోయినప్పటి నుంచి ఓబులేసు ఇంట్లో ఒక్కడే. సాయంత్రం తలుపు దగ్గరికేసి, దేవుని పటం ముందు మిగిలిన కడ్డి ముట్టిస్తాడు. దండం పెట్టుకుని, అలవాటుగా పొగనే చూస్తూ కూర్చుంటాడు. కడ్డి ఆరిపోయేదాకా అది నిట్టనిలువుగానే లేస్తుంది. తలుపుకు మాత్రం అతను గడియ పెట్టడు.