సీలు కవర్లో పరువు

ఆ రోజుల్లో చోడవరం కోర్టు చుట్టూ నల్లకోటు వేసుకుని నేను నడిచేవాణ్ణే గాని, కేసులు మాత్రం నా వెంట నడిచేవి కావు. ‘పరువు నష్టం’ అనే మాటలో నష్టమంటే ఏమిటో నాకు బాగా తెలుసు, పరువే ఇంకా రావలసి ఉంది. అలాంటి నా దగ్గరికి (మా సీనియరు గారు విశాఖ వెళ్ళిన రోజు, నా అదృష్టం!) బుచ్చయ్యపేట నుంచి ఒక చెరుకు రైతు వచ్చేరు. అందరూ మీసాల బాబాయి అంటారు, ఊళ్ళో ధైర్యానికి పెట్టింది పేరు. ఆయనకి బావమరిది ఉత్తరం రాసేడు: "తోటలో అడవిపందిని చూసి చెట్టెక్కి, మా అక్కని కేకేసినోడివి. నీకు మీసమెందుకు?"

"ఈ సంగతి మా గడప దాటలేదు బాబూ. దాటితే నేను ఊళ్ళో తలెత్తుకోలేను. నోటీసిచ్చి ఆడి నోరు మూయించు" అన్నారు బాబాయి.

"నోటితో అంటే స్లాండరు, కాగితం మీద రాస్తే లైబెలు. దొరికేడు!" అన్నాను. పరీక్షలో ఆ జవాబుకి సగం మార్కులే ఎందుకు పడ్డాయో అప్పుడైనా ఆలోచించలేదు. ఆయన్ని ఇంటికి పంపేసి, కోర్టు ఎదుటి డీటీపీ షాపుకెళ్ళి, జడ్జి గారు వింటున్నట్టు గొంతు పెంచి, ఆ ఉత్తరం అక్షరం పొల్లుపోకుండా చెప్పి నోటీసు టైపు చేయించేను. టైపు చేసే గుంటపిల్ల నవ్వాపుకోలేక రెండుసార్లు కీబోర్డు వదిలేసింది. జెరాక్సుల కోసం నిలబడ్డ బుచ్చయ్యపేట జనం అసలు ఆపుకోలేదు.

మర్నాడు సీనియరు గారు నోటీసు చదివి, "ఉత్తరం ఎలా వచ్చింది?" అన్నారు.

"సీలు కవర్లోనండీ."

"ఆయన కాక ఇంకెవరు చదివేరు?"

"నేనండీ... తర్వాత డీటీపీ షాపులో..."

"ఏమోయ్, రాసినవాడూ ఆ మాట పడినవాడూ కాక మూడోవాడికి తెలిస్తేనే లైబెలు. బావమరిది మూడోవాడికి చెప్పలేదు. ఊరందరికీ చెప్పింది నువ్వు!"

అంతలో బాబాయి రానే వచ్చేరు. "షేరాటో దగ్గర నిలబడితే, ‘బాబాయ్, ఆటో ఎక్కుతావా, సెట్టెక్కుతావా’ అంతన్నాడు డ్రైవరు! ఏటి బాబూ ఇది?"

నేను వెంటనే కాగితం తీసి, ‘తమరు పందిని చూసి చెట్టెక్కిన విషయం బయటపెట్టినందుకు క్షమాపణ...’ అని మొదలుపెట్టేను. ఆయన నా కలం లాక్కున్నారు.

"మళ్ళీ పందేటి! ఇంక రాయకు నాయనా. నోటితో సెప్పు, సాలు."

ఆయన రెండు చేతులూ పట్టుకుని చెప్పేను. ఆయన కలం నా జేబులో పెట్టి, "పోన్లే. మా ఆవిడ మాత్రం నిన్నట్నించీ తలెత్తుకుని తిరుగుతంది. పందిని తరిమింది ఆవిడే మరి" అన్నారు.

ఇప్పుడు నా దగ్గరా జూనియర్లున్నారు. వాళ్ళు గొంతు పెంచితే "మెల్లిగా" అంటాను గాని, తొలి కేసు దొరికిన ఆనందంలో రోడ్డుకి అటూ ఇటూ చూడకుండా పరిగెత్తిన కుర్రాడొకడు కళ్ళముందు కదులుతాడు. వాడి గురించి ఎంత రాసినా వాడు నా మీద దావా వెయ్యడు. అంత మంచివాడు మళ్ళీ దొరకలేదు.