సంతకం లేని ఆజ్ఞ

డర్బన్‌లో నా మొదటి ఉద్యోగం దొంగసంతకాలు తయారుచేయడం. నవ్వకండి, జీతమిచ్చి మరీ చేయించుకున్నారు. నల్లవాళ్లకూ ఓటొచ్చిన ఎన్నికలయ్యి కొత్త ప్రభుత్వం వచ్చిన తొలి ఏళ్లు అవి. ఒక డ్యాం గేట్లకు ఆజ్ఞలు కంప్యూటర్లో వెళ్లేలా మా కంపెనీ ప్రోగ్రాం రాస్తోంది. తాళంచెవిలాంటి ఒక రహస్యపు సంఖ్యతో లెక్కగట్టిన అంకెల వరసే ప్రతి ఆజ్ఞకూ సంతకం. ఆజ్ఞలో ఒక్క అక్షరం మారినా అది చెల్లకూడదు. చెల్లేవీ చెల్లనివీ కలిపి పరీక్ష డేటా సిద్ధం చేసేది నేను.

నా పక్కన కూర్చునే అమ్మాయి, ఊరి శివార్లలో మనవాళ్లుండే ఫీనిక్స్ నుంచి వచ్చేది. చెరకుతోటల్లో కూలికి వచ్చిన ముత్తాతల నాటి తెలుగు ముక్కలు నాలుగు మిగిలాయి ఆమె దగ్గర. నా డేటాలో "అన్ని గేట్లూ తెరువు" అన్న ఆజ్ఞ చూసి మొహం మాడ్చుకుంది.

"అన్నా, ఇది రాయొద్దు. మా అమ్మ డ్యాం కింద వుంది, నది పక్కన. గేటు తీస్తే ఇల్లు ఫినిష్."

"ఉత్త పరీక్షేనమ్మా," అన్నాను.

తప్పుడు సంతకాలన్నిటినీ ప్రోగ్రాం తిప్పికొట్టింది. అయినా నా అనుమానం తీరలేదు. అదే ఆజ్ఞను సంతకమే లేకుండా ఇచ్చాను. తెరమీద "సరైనది" అని వచ్చింది. చూడ్డానికేమీ లేకపోతే తప్పెక్కడ కనబడుతుంది! మేనేజరుకు చెబితే చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది. "సంతకం లేకుండా ఎవరు పంపుతారయ్యా?" అని నా పరీక్ష డేటా ఉన్న ఫ్లాపీ జేబులో వేసుకుని, డ్యాం దగ్గర పెద్దలకు చూపించడానికి వెళ్లిపోయాడు.

వారం నుంచీ వాన. డ్యాం నిండుగా ఉంది. ఆ మధ్యాహ్నమే అక్కడి నుంచి ఫోన్ వచ్చింది. గేట్లు నడిపే జూలూ పెద్దాయన.

"అన్ని గేట్లూ తెరవమని వచ్చింది. సరైనదే అంటోంది. మీ మేనేజరు ఫ్లాపీ ఇందులో పెట్టి భోజనానికి వెళ్లాడు. తెరిచేదా?"

"తెరవకండి! అది పరీక్ష!" అని అరిచాను.

"యంత్రం సరైనదంటోంది. మీరెవరో నాకెలా తెలుసు?"

ఆ అమ్మాయి ఫోన్ లాక్కుని జూలూలో గబగబా ఏదో చెప్పింది. అమ్మ గురించేనని అర్థమైంది. అమ్మ ఇల్లు నది మీది వంతెనకు ఏ వైపున అని ఆయన అడిగాడట. ఆయన కూతురి ఇల్లూ అటే. గేట్లు తెరవలేదు.

సాయంత్రం తిరిగొచ్చిన మేనేజరుకు అంతా చెప్పాం. శ్రద్ధగానే విన్నాడు.

"ముసలాయన వల్లే ఈ గొడవ. వచ్చే నెల నుంచి ఆజ్ఞ అందగానే మోటార్లే తెరుస్తాయి. మనిషిని అడిగే పనే ఉండదు," అన్నాడు.

ఆ అమ్మాయి సంచీ తీసుకుని లేచింది.

"నేను పోతా అన్నా. అమ్మని ఇవాళే తెచ్చేస్తా."